క్యూసెక్కులు తెలిస్తే కూలుంబులు తెలిసినట్టే

హన్మకొండలో ఏ బ్యాటరీ దుకాణానికి పోయినా గోడ వెంట పేర్చిన ఇన్వర్టర్ బ్యాటరీల మీద ఇంచుమించు ఒకే రకం అంకెలు కనిపిస్తాయి: 12 వోల్టులు, 150 ఏహెచ్, పక్కన చిన్న అక్షరాల్లో సీ20. కొనేవాళ్లు అడిగే ప్రశ్న కూడా ఒకటే. "కరెంటు పోతే ఎన్ని గంటలొస్తది?" దుకాణదారు జవాబూ ఒకటే. "మీ లోడును బట్టి సార్." జవాబులో తప్పేం లేదు. కాకపోతే ఆ 150 దేని లెక్కో తెలిస్తే, గంటలు ఎవరికి వాళ్లే కట్టుకోవచ్చు. అది గంటల లెక్క కాదు, ఆంపియర్ల లెక్క కాదు, హన్మకొండ కేంద్రంగా ఉన్న ఉత్తర డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ) బిల్లులో వచ్చే యూనిట్ల లెక్క అసలే కాదు. అది విద్యుదావేశం లెక్క. వాడుకలో ఛార్జి అంటున్నది అదే.

ఛార్జి యూనిట్లను ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మార్చడం కష్టమైన పనేం కాదు, ఒక గుణకారంతో అయిపోతుంది. తిప్పలన్నీ దానికి ముందే వస్తాయి. ఎదురుగా ఉన్న అంకె ప్రవాహాన్ని చెబుతోందా, మొత్తాన్ని చెబుతోందా, శక్తిని చెబుతోందా అన్నది తేల్చుకోకుండా గుణించేస్తే జవాబు ఎంత చక్కగా వచ్చినా అది వేరే ప్రశ్నకు జవాబు అవుతుంది.

ఈ తేడా గోదావరి ఆయకట్టు కింద బతికేవాళ్లకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. ఎస్సారెస్పీ (శ్రీరాంసాగర్ ప్రాజెక్టు) నుంచి కాకతీయ కాలువకు ఎన్ని క్యూసెక్కులు వదిలారని అడుగుతారు. ఎల్ఎండీలో (లోయర్ మానేరు డ్యాంలో) ఎన్ని టీఎంసీలు ఉన్నాయని అడుగుతారు. ఈ రెండు ప్రశ్నలనూ ఎవరూ కలిపేయరు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, అంటే పారే వేగం. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, అంటే నిలవ. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ అవుతుందని నీటి లెక్కలు తెలిసిన రైతు నోటికి చెబుతాడు. రోజుకు 86,400 సెకన్లు కాబట్టి ఆ అంకె వచ్చింది.

కరెంటులోనూ ఇదే వరస. క్యూసెక్కు స్థానంలో ఆంపియర్ ఉంటుంది, ఘనపుటడుగు స్థానంలో కూలుంబ్ ఉంటుంది. తీగలో సెకనుకు ఒక కూలుంబ్ ఛార్జి పారితే అది ఒక ఆంపియర్. ఒక ఆంపియర్ చొప్పున గంటసేపు పారితే మొత్తం ఒక ఆంపియర్-అవర్, దుకాణం భాషలో ఒక ఏహెచ్. గంటకు 3,600 సెకన్లు కాబట్టి ఒక ఏహెచ్ అంటే 3,600 కూలుంబులు. ఫోన్ల మీద రాసే ఎంఏహెచ్ అందులో వెయ్యోవంతు, అంటే 3.6 కూలుంబులు. గుర్తుపెట్టుకోవాల్సిన మార్పిడి అంకెల్లో మొదటిది ఇదే. చాలామందికి ఇంకోదానితో అవసరం కూడా పడదు. దుకాణంలోని 150 ఏహెచ్ బ్యాటరీ 5,40,000 కూలుంబులు. 5,000 ఎంఏహెచ్ ఫోన్ బ్యాటరీ 18,000 కూలుంబులు.

ఏహెచ్ అన్న పేరులో "గంట" ఉండటమే చాలామందిని తికమక పెడుతుంది. టీఎంసీని "11,574 క్యూసెక్కు-రోజులు" అని పిలిచి ఉంటే అక్కడా ఇదే గందరగోళం ఉండేది. గంట అనేది ఇక్కడ గుణించి మింగేసిన అంకె మాత్రమే. 150 ఏహెచ్ అంటే 150 గంటలు ఒక్కో ఆంపియర్ కావచ్చు, 15 గంటలు పదేసి ఆంపియర్లు కావచ్చు. కాగితం మీదైతే మొత్తం మారదు.

18,000 కూలుంబులంటే ఎంత? పిడుగుతో పోల్చి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. మే, జూన్ నెలల్లో మబ్బు పట్టగానే పొలాల్లో ఉన్నవాళ్లు, గొర్లు కాసేవాళ్లు చెట్ల కిందికి పరుగెత్తి పిడుగుపాటుకు బలైన వార్తలు ఏటా వస్తూనే ఉంటాయి. మేఘం నుంచి నేలకు దిగే మామూలు పిడుగు మోసుకొచ్చే ఛార్జి సుమారు 15 కూలుంబులు. దాన్ని 3.6తో భాగిస్తే నాలుగు ఎంఏహెచ్ పైచిలుకు. జేబులో ఉన్న ఫోన్ బ్యాటరీ నిండా ఎక్కి పూర్తిగా దిగేలోపు పారే ఛార్జి 1,200 పిడుగుల ఛార్జికి సమానం! మరి ఫోన్ చేతిలో పట్టుకుంటే ఏమీ కాదు, పిడుగు పడితే మనిషి మిగలడు ఎందుకని? ఫోన్‌లోని ఛార్జి సుమారు నాలుగు వోల్టుల ఒత్తిడితో గంటల తరబడి మెల్లగా పారుతుంది. పిడుగు ఛార్జి కోట్ల వోల్టుల ఎత్తు నుంచి దూకుతుంది. అందులో ఒక్కో దెబ్బ సెకనులో వేలోవంతు కూడా పట్టకుండా, సుమారు 30,000 ఆంపియర్ల దాకా ఎగబాకి ముగుస్తుంది. ఛార్జి లెక్కలో ఫోన్ వెయ్యిరెట్లు పెద్దది. శక్తి లెక్కలో పిడుగు ఫోన్ కన్నా వేల రెట్లు పెద్దది. ఛార్జి ఒక్కటే చూసి ప్రమాదాన్ని అంచనా వేయకూడదని దీనికి మించిన ఉదాహరణ దొరకదు.

ఇక్కడ ఇంకో చిక్కుముడి కూడా విప్పాలి. బ్యాటరీలో ఛార్జి నిండా ఉందని, అయిపోయిందని అంటుంటాం. నిజానికి నిండా ఎక్కిన బ్యాటరీకీ, పూర్తిగా దిగిపోయిన బ్యాటరీకీ విడిగా ఛార్జి అంటూ ఏమీ ఉండదు. రెండూ విద్యుత్పరంగా తటస్థమే. ఒక కొన నుంచి ఎన్ని ఎలక్ట్రాన్లు బయటికి పోతే, రెండో కొన నుంచి అన్నీ లోపలికి వస్తాయి. బ్యాటరీ లోపలి రసాయనం చేసేది మోటారు పని, ఛార్జిని తిప్పడం. రసాయనం అయిపోయేలోపు మొత్తం ఎంత ఛార్జిని తిప్పగలదో ఏహెచ్ చెబుతుంది.

నిజంగానే 18,000 కూలుంబులు ఒక్కచోట విడిగా పోగుపడితే ఏమవుతుందో చూడాలంటే అంత దూరం పోనక్కర్లేదు, ఒక్కో కూలుంబ్ చాలు. ఒక్కో కూలుంబ్ ఛార్జి ఉన్న రెండు చుక్కలను మీటరు దూరంలో పెడితే వాటి మధ్య బలం 900 కోట్ల న్యూటన్లు. అంటే తొమ్మిది లక్షల టన్నుల బరువు. కాజీపేట మీదుగా పోయే సింగరేణి బొగ్గు గూడ్సు ఒక్కోటి నాలుగు వేల టన్నులు మోస్తుందనుకుంటే, రెండు వందలకు పైగా గూడ్సు బండ్ల బరువు! ఈ బలం దూరాన్ని బట్టి ఎలా తగ్గుతుందో సన్నని తీగకు వేలాడే త్రాసుతో 1785లో కొలిచిన ఫ్రెంచి ఇంజనీరు ఛార్ల్స్ ఆగస్టిన్ కూలుంబ్ పేరే యూనిట్‌కు పెట్టారు. 1881లో పారిస్‌లో జరిగిన విద్యుత్ మహాసభలో ఆంపియర్, వోల్టు, ఓమ్‌తో పాటు దీనికీ ఆమోదం దొరికింది.

విడిగా పోగుపడే ఛార్జి అంత ఉండదు కాబట్టే చిన్న యూనిట్లు కావాల్సి వచ్చాయి. కూలుంబ్‌లో వెయ్యోవంతు మిల్లీ, పది లక్షలోవంతు మైక్రో, వంద కోట్లోవంతు నానో, లక్ష కోట్లోవంతు పికో. చలికాలంలో ప్లాస్టిక్ కుర్చీలోంచి లేచి తలుపు గొళ్లెం ముట్టుకుంటే చురుక్కుమంటుంది చూడండి, అది మహా అయితే ఒకటి రెండు మైక్రోకూలుంబులు ఉంటుంది. ఒంటి మీద పది వేల వోల్టులు పేరుకున్నా ఛార్జి అంతకు మించదు.

ఇంట్లో ఛార్జిని నిజంగా విడదీసి పట్టుకునే వస్తువు ఒకటుంది, ఫ్యాన్ కండెన్సర్. ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతోందంటే ఎలక్ట్రీషియన్ వచ్చి ముందు మార్చేది దాన్నే. దాని మీద 2.5 ఎంఎఫ్‌డీ అని ఉంటుంది. అంటే 2.5 మైక్రోఫారడ్లు, ఒక్కో వోల్టుకు 2.5 మైక్రోకూలుంబుల ఛార్జి పడుతుందని అర్థం. దానికి 325 వోల్టులు అందాయనుకుందాం. 230 వోల్టుల సరఫరా ప్రతి ఊపులోనూ చేరే శిఖరం అంతే. 2.5ను 325తో గుణిస్తే 812 మైక్రోకూలుంబులు. ఫోన్ బ్యాటరీ తిప్పే ఛార్జిలో ఇది రెండు కోట్లోవంతు కూడా కాదు. విద్యార్థులు బోల్తాపడేది ఇక్కడే. ఎంఏహెచ్‌లో ఎం అంటే మిల్లీ, వెయ్యోవంతు. కండెన్సర్ మీది ఎంఎఫ్‌డీలో ఎం అంటే మైక్రో, పది లక్షలోవంతు. ఒకే అక్షరం, మధ్యలో వెయ్యి రెట్ల తేడా. ఆ పాత అలవాటును కంపెనీలు ఇంకా వదల్లేదు.

ఇంటర్, డిప్లొమా పుస్తకాల్లో వచ్చే మిగతా యూనిట్లలో ముఖ్యమైనది ఎలక్ట్రాన్ ఛార్జి. ఒక కూలుంబ్‌లో దాదాపు 6.24 × 10¹⁸ ఎలక్ట్రాన్ల ఛార్జి ఉంటుంది. మన లెక్కలో చెప్పాలంటే 62 వేల కోటి కోట్లకు పైమాటే. ఎలక్ట్రాన్ ఛార్జిని కచ్చితంగా పట్టింది అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ మిల్లికన్. గాలిలో తేలే నూనె బొట్ల మీద పని చేసి 1913లో ఆయన ప్రకటించిన అంకె 4.774 × 10⁻¹⁰. ఈ అంకెను చూసి పిల్లలు బెదిరిపోతారు, ఎందుకంటే వాళ్లు బట్టీ పట్టింది 1.602 × 10⁻¹⁹. తొమ్మిది సున్నాల తేడా ఎక్కడి నుంచి వచ్చింది? మిల్లికన్ వాడింది కూలుంబులు కాదు, స్టాట్‌కూలుంబులు. సెంటీమీటరు, గ్రాము, సెకను మీద కట్టిన పాత పద్ధతిలో ఛార్జి యూనిట్ అది. ఒక కూలుంబ్ అంటే సుమారు 2.998 × 10⁹ స్టాట్‌కూలుంబులు. ఆయన అంకెను దీనితో భాగిస్తే 1.592 × 10⁻¹⁹ వస్తుంది. ఇప్పటి విలువ కన్నా కొంచెం తక్కువ. గాలి చిక్కదనానికి ఆయన తీసుకున్న విలువ సరిగా లేకపోవడం వల్ల వచ్చిన తేడా అది. 2.998 అంకె ఎక్కడో చూసినట్టుంటే అది అనుమానం కాదు, కాంతి వేగంలోని అంకెలే అవి. అదే కుటుంబంలో అబ్‌కూలుంబ్ అని ఇంకొకటుంది, దాని విలువ సరిగ్గా పది కూలుంబులు. పరీక్షలో తప్ప ఎక్కడా తగలదు.

2019 మే 20 నుంచి ఈ వ్యవహారం తలకిందులైంది. అంతకు ముందు, 1948 నాటి నిర్వచనం ప్రకారం, మీటరు దూరంలో ఉన్న రెండు తీగల మధ్య బలాన్ని బట్టి ఆంపియర్‌ను నిర్ణయించి, దాన్నుంచి కూలుంబ్‌ను రాబట్టేవారు. ముందు క్యూసెక్కు, దాన్నుంచి ఘనపుటడుగు అన్నట్టు. ఇప్పుడు ఎలక్ట్రాన్ ఛార్జిని 1.602176634 × 10⁻¹⁹ కూలుంబులుగా శాశ్వతంగా ఖాయం చేసి, దాన్నుంచి ఆంపియర్‌ను రాబడుతున్నారు. ఆ చివరి అంకె తర్వాత ఇంక ఏమీ లేదు, కొలత తప్పు అనే మాటకే చోటు లేదు.

అంతకన్నా పాత రోజుల్లో ఆంపియర్‌ను వెండితో తూచేవారు. వెండి లవణం కలిపిన నీళ్లలోంచి ఛార్జి పారితే ఒక కొన మీద వెండి పేరుకుంటుంది. ఒక్కో కూలుంబ్‌కు 1.118 మిల్లీగ్రాములు, అంతకు ఎక్కువా కాదు తక్కువా కాదు. సెకనుకు అంత వెండి పేరుకుంటే ఒక ఆంపియర్ అని 1893లో షికాగో సమావేశంలో, 1908లో లండన్‌లో ఒప్పుకున్నారు. ఈ లెక్కను కరీంనగర్ తూకానికి మార్చితే సరదాగా ఉంటుంది. అక్కడి ఫిలిగ్రీ పని వెండి తీగను లాగి అల్లేది, దానికి కరెంటు పూతతో సంబంధం లేదు. కానీ వెండి వెండే. ఫోన్ బ్యాటరీలోని 18,000 కూలుంబులనూ వెండి పూతకు పారిస్తే పేరుకునేది 20 గ్రాములు, ఇప్పటి బజారు లెక్కలో రెండు తులాలు. రసాయన శాస్త్రంలో వచ్చే ఫారడే యూనిట్ కూడా ఇక్కడి నుంచే పుట్టింది. ఒక మోల్ (సుమారు 6.022 × 10²³) ఎలక్ట్రాన్ల ఛార్జి 96,485 కూలుంబులు, అంటే 26.8 ఏహెచ్. అంత పారితే 107.87 గ్రాముల వెండి.

ఎడిసన్ కంపెనీ 1880లలో న్యూయార్క్‌లో కరెంటు బిల్లులు వేసింది కూడా ఇలాగే. ఇంటింటికీ ఒక సీసా, అందులో జింక్ సల్ఫేటు నీళ్లు, రెండు జింకు పలకలు. ఇంట్లోకి పోయే కరెంటులో చిన్న వాటా ఆ సీసాలోంచి పారేది. నెలాఖరుకు మనిషి వచ్చి పలకలను తీసుకుపోయి తూచేవాడు, ఎంత జింకు ఒక పలక నుంచి కరిగి రెండోదానికి చేరిందో అంత బిల్లు. అంటే వాళ్లు డబ్బులు తీసుకుంది కూలుంబులకే. వోల్టేజీ స్థిరంగా ఉండే డీసీ కరెంటు కాబట్టి అది చెల్లింది. ఇప్పుడు ఇంటికి వచ్చే ఏసీ సెకనుకు యాభై సార్లు ముందుకూ వెనక్కూ ఊగుతుంది. నెలంతా లెక్కగట్టినా ఇంట్లోకి చేరిన నికర ఛార్జి సున్నా! అందుకే బిల్లు శక్తి మీద వేస్తారు. ఒక యూనిట్ అంటే ఒక కిలోవాట్-అవర్.

ఛార్జి నుంచి శక్తికి పోవాలంటే వోల్టేజీ కావాలి. నీళ్ల భాషలో చెబితే ఎత్తు. కాలువలో పల్లానికి తనంతట తానే పారే టీఎంసీ, దేవాదుల పథకంలో గంగారం దగ్గర గోదావరిలోంచి తోడి ధర్మసాగర్ దాకా ఎక్కించిన టీఎంసీ పరిమాణంలో ఒకటే. మోటార్లకు అయ్యే కరెంటు మాత్రం పోల్చలేనంత వేరు. ఛార్జి కూడా అంతే. ఏహెచ్‌ను వోల్టులతో గుణిస్తేనే వాట్-అవర్లు వస్తాయి. 150 ఏహెచ్‌ను 12తో గుణిస్తే 1,800, అంటే కరెంటు బిల్లు లెక్కలో 1.8 యూనిట్లు. అంత పెద్ద బ్యాటరీలో రెండు యూనిట్లు కూడా లేవంటే మొదటిసారి విన్నవాళ్లు నమ్మరు.

ఇప్పుడు గంటల ప్రశ్నకు రావచ్చు. రెండు ఫ్యాన్లు, నాలుగు బల్బులు, వైఫై కలిపి 200 వాట్లు అనుకుంటే, ఇన్వర్టర్‌లో పోయే దాంతో కలిపి బ్యాటరీ 250 వాట్లు ఇవ్వాలి. 250ని 12తో భాగిస్తే 21 ఆంపియర్లు. 150ని 21తో భాగిస్తే ఏడు గంటలు. కానీ సీ20 అనే చిన్న అక్షరాలు ఇక్కడ అడ్డం వస్తాయి. 20 గంటల్లో మెల్లగా, అంటే 7.5 ఆంపియర్ల చొప్పున తీస్తేనే 150 వస్తుందని దాని అర్థం. మూడింతల వేగంతో లాగితే లెడ్-యాసిడ్ బ్యాటరీ అంత ఇవ్వదు. ఎంత తగ్గుతుందో జర్మన్ శాస్త్రవేత్త పోయికర్ట్ 1897లోనే సూత్రం కట్టాడు. దానికి తోడు బ్యాటరీని అడుగంటా ఊడ్చేస్తే అది తొందరగా పాడవుతుంది. కాబట్టి ఏడు గంటలు అనుకున్నది ఐదు గంటలకు అటూ ఇటూ వస్తే బ్యాటరీ బాగున్నట్టే. సీ10 అని రాసి ఉన్న 150 ఏహెచ్ బ్యాటరీ, సీ20 అని ఉన్న 150 ఏహెచ్ బ్యాటరీ కన్నా నిజంగానే గట్టిది. ధరలో తేడా ఉంటే ఆ తేడాకు అర్థం ఉందన్నమాట.

బ్యాటరీలను కలిపేటప్పుడు కూడా ఛార్జి, శక్తి వేరని మరిచిపోతే లెక్క తప్పుతుంది. వరంగల్ స్టేషన్ రోడ్డులో తిరిగే ఈ-ఆటోల్లో సీటు కింద సాధారణంగా నాలుగు బ్యాటరీలు ఉంటాయి. ఒక్కోటి 12 వోల్టులు, 100 ఏహెచ్ అనుకుంటే మొత్తం 400 ఏహెచ్ అని చెప్పుకునేవాళ్లున్నారు. వాటిని ఒకదాని తోకకు ఒకటి కడతారు కాబట్టి, ఒకదాంట్లోంచి పారిన ఛార్జే మిగతా మూడింట్లోంచి పారుతుంది. ఛార్జి 100 ఏహెచే, వోల్టులే 48 అవుతాయి. పక్కపక్కన కలిపి ఉంటే 12 వోల్టుల దగ్గర 400 ఏహెచ్ వచ్చేది. ఎలా కలిపినా శక్తి 4.8 యూనిట్లే.

పవర్‌బ్యాంకుల మీద కోపమూ ఇలాంటిదే. 10,000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంకు 5,000 ఎంఏహెచ్ ఫోన్‌ను రెండుసార్లు ఎందుకు నింపదని గొడవ. ఆ 10,000 లోపలి సెల్ దగ్గర 3.7 వోల్టుల మీద లెక్క, అంటే 37 వాట్-అవర్లు. బయటికి 5 వోల్టుల మీద ఇవ్వాలంటే నష్టాలేమీ లేకున్నా 7,400 ఎంఏహెచే వస్తుంది. వేడిగా పోయేది తీసేస్తే ఇంకా తగ్గుతుంది. చాలావాటి వెనక చిన్న అక్షరాల్లో రేటెడ్ కెపాసిటీ అని వేరే అంకె ఉండేది అందుకే. ఫోన్‌కు ఒకటిన్నర సార్లు ఎక్కితే మోసం ఏమీ జరగలేదు.

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచి గల్ఫ్‌కు పోయే మనిషికి ఈ గుణకారం శంషాబాద్‌లో అవసరం పడుతుంది. పవర్‌బ్యాంకును చెకిన్ సామానులో వేయనివ్వరు, చేతి సంచిలోనే పెట్టుకోవాలి. దానికి హద్దు ఎంఏహెచ్‌లో ఉండదు, 100 వాట్-అవర్లు. 20,000 ఎంఏహెచ్‌ను 3.7తో గుణించి వెయ్యితో భాగిస్తే 74, పోనిస్తారు. 30,000 అయితే 111. అప్పుడు విమానం కంపెనీని ముందే అడిగి అనుమతి తీసుకోవాలి. 160 దాటితే అసలు ఎక్కనివ్వరు. డబ్బా మీద వాట్-అవర్లు రాసి లేకపోతే కౌంటర్ దగ్గర ఫోన్‌లోని కాలిక్యులేటర్ తీయక తప్పదు.